అటకెక్కిన కానుక

పేరు వెల్లడించవద్దని కోరిన ఒక పాఠకురాలు రాసిన సుదీర్ఘమైన ఉత్తరం సారాంశమిది. చిన్నతనంలోనే తల్లిని పోగొట్టుకున్న ఈమెను, ఈమె అక్కను, తమ్ముడిని వండి పెట్టి పెంచి పెద్ద చేసింది పెద్దన్నయ్య భార్య. నిరుడు ఈమె తన జీతంలో కొన్ని నెలల పాటు దాచిన డబ్బుతో వదిన కోసం 26 సెంటీమీటర్ల వెడల్పున్న, ఎనామెల్ పూత వేసిన పోత ఇనుప గిన్నె కొన్నారు. వదిన దాన్ని చూసి ‘నా కోసం ఇంత ఖర్చు ఎందుకు పెట్టావమ్మా’ అన్నారు. ఏడాది గడిచినా ఆ గిన్నె ఒక్కసారి కూడా పొయ్యి ఎక్కలేదు. మొన్న ఇంటికి వెళ్లినప్పుడు అది అటక మీద, వచ్చిన అట్టపెట్టెలోనే కనిపించింది. వదిన మాత్రం పూత గీతలు పడి లేచిపోయిన నాన్‌స్టిక్ పెనం మీద, కాడ వదులైన ఒక పాత గిన్నెలో వండుతున్నారు.

వచ్చే నెలలో వదినకు యాభై ఏళ్లు నిండుతాయి. ముగ్గురూ కలిసి డబ్బు పోగుచేసి, కొనే బాధ్యతను ఈమెకు అప్పగించారు. ఒకే రంగులో, ఒకే తీరులో ఉండే 14 వస్తువుల సెట్టు కొనాలని అక్క పట్టుదల. డబ్బే చేతిలో పెడితే ఆవిడకు కావలసింది ఆవిడే కొనుక్కుంటారని తమ్ముడి మాట. మంచి కత్తి ఒకటి, మంచి పెనం ఒకటి చాలునని ఈమె ఆలోచన. నిరుటి అనుభవం తరువాత తన ఎంపిక మీద తనకే నమ్మకం పోయిందని రాశారు. ఉత్తరం మధ్యలో ఇంకా కొన్ని సంగతులు దొర్లాయి: ఆ ఇంట్లో ఇండక్షన్ పొయ్యి పెట్టాక పాత గిన్నెలు సగం మూలపడ్డాయి, వదిన ఈ మధ్య తరిగి అమ్మే కూరగాయలే తెప్పిస్తున్నారు, సీసా మూత బిగుసుకుంటే అన్నయ్యను పిలుస్తున్నారు. ‘మంచి వస్తువును గుర్తుపట్టడం ఎలా? అటక మీది గిన్నె గురించి అడగాలా, వదిలేయాలా? అసలు వదిన నా కానుకను కాదనుకున్నట్టేనా?’ ఇవీ ఈమె ప్రశ్నలు.

మీ చివరి ప్రశ్నకే ముందుగా జవాబు చెబుతాను, మిగిలిన చిక్కులన్నీ దాని చుట్టూ పడ్డవే కాబట్టి. మీ వదిన గారు మీ కానుకను కాదనుకున్నారని నాకు అనిపించడం లేదు. మీరు రాసిన కొలతల గిన్నె మూతతో కలిపి ఖాళీగానే సుమారు 5 కిలోలు తూగుతుంది. అందులో మూడు లీటర్ల పదార్థం ఉంటే 8 కిలోలవుతుంది. దాన్ని వేడిగా ఉండగా దించాలి, వంచాలి, తరువాత తొట్టిలో ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో తోమాలి. మూత తిప్పడానికి అన్నయ్యను పిలుస్తున్న చేతులు, తరిగిన కూరగాయలనే తెప్పించుకుంటున్న చేతులు ఆ పని చేయగలవా అని ఒక్కసారి ఆలోచించండి. ఈ సంగతులను మీరు ఉత్తరంలో వేరువేరు చోట్ల, ఒకదానితో ఒకటి సంబంధం లేనట్టు రాశారు. వాటిని పక్కపక్కన పెట్టి చదివితే, ఆవిడకు మణికట్టులోనో వేళ్ల కీళ్లలోనో నొప్పి ఉండి ఉండవచ్చునని, ఆ మాట మీతో చెబితే కానుక బరువైందని చెప్పినట్టవుతుందని మౌనంగా ఉన్నారని నాకు తోస్తున్నది. ఇది నా ఊహ మాత్రమే, నిర్ధారణ కాదు. నొప్పి ఉన్నట్టు తెలిస్తే, గిన్నెల ఆలోచన కంటే ముందు ఆవిడను డాక్టరుకు చూపించే ఆలోచన చేయండి.

మీరు చెడ్డ వస్తువు కొనలేదన్నది కూడా చెప్పాలి. ఎనామెల్ వేసిన పోత ఇనుము నిదానంగా వేడెక్కి, ఎక్కిన వేడిని చాలాసేపు వదలకుండా పట్టి ఉంచుతుంది. సన్నని సెగ మీద గంటల తరబడి ఉడికే వంటకు దాన్ని మించినవి తక్కువ. పూత గాజు వంటిది కాబట్టి పులుపు తగిలినా ఇనుము రుచి దిగదు. ఇండక్షన్ పొయ్యి మీద కూడా అది చక్కగా పనిచేస్తుంది, కనుక ఆవిడ వాడకపోవడానికి పొయ్యి కారణం కాదు. మీరు వస్తువును బాగానే పరీక్షించారు. దాన్ని రోజూ ఎత్తవలసిన మనిషిని మాత్రం మీ చిన్నప్పటి కళ్లతో చూశారు. నలుగురికి వండి, బిందెడు నీళ్లు అవలీలగా మోసిన వదినే మీ మనసులో ఇంకా ఉన్నారు. అందులో ప్రేమ తప్ప తప్పేమీ లేదు. కాని ఈసారి కొనబోయే ముందు, యాభై ఏళ్ల వదినను చూడాలి.

ఇక్కడ మీకు పనికివచ్చే ఒక నిజమైన ఉదాహరణ చెబుతాను. అమెరికాలో శామ్ ఫార్బర్ అనే వ్యాపారి, తన భార్య బెట్సీకి ఆర్థరైటిస్ వల్ల మామూలు పీలర్‌తో తొక్క తీయడం కష్టమవుతున్నదని గమనించి, లావుగా, మెత్తగా, తడి చేతికి కూడా జారకుండా ఉండే పిడితో వంటింటి పనిముట్లను తయారు చేయించారు. ఆక్సో గుడ్ గ్రిప్స్ అన్న పేరుతో అవి 1990లో మార్కెట్లోకి వచ్చాయి. నొప్పి ఉన్న చేతిని దృష్టిలో పెట్టుకుని చేసిన ఆ పీలర్, నొప్పి లేని చేతులకు కూడా హాయిగా ఉండటంతో అందరూ కొన్నారు. న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం దాన్ని తన సేకరణలో చేర్చుకుంది. ఇది మీకెందుకు చెబుతున్నానంటే, చేతికి సుఖంగా ఉండే వస్తువును ఇస్తే ‘నీకు శక్తి తగ్గింది’ అని వేలెత్తి చూపినట్టవుతుందేమోనని మీరు సంకోచించవచ్చు. అవసరం లేదు. పిడి బాగున్న వస్తువు ఎవరికైనా మంచి వస్తువే, దాన్ని ఆ మాటతోనే ఇవ్వవచ్చు.

ఇక మంచి పెనాన్ని, గిన్నెను గుర్తుపట్టే సంగతి. మీరు అంగడికి వెళ్లేటప్పుడు చిన్న అయస్కాంతం ఒకటి వెంట తీసుకువెళ్లండి. అది అడుగుకు గట్టిగా అతుక్కుంటే ఆ పాత్ర ఇండక్షన్ మీద వేడెక్కుతుంది, అతుక్కోకపోతే వేడెక్కదు. మీ వదిన గారి గిన్నెలు సగం మూలపడటానికి కారణం ఇదే అయి ఉంటుంది. తరువాత చూడవలసింది ఆ లోహం వేడిని ఎలా పంచుతుందన్నది. స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టదు, పులుపుకు చలించదు, కాని వేడిని పంచడంలో చాలా మందకొడి; అల్యూమినియం దానికంటే సుమారు 15 రెట్లు, రాగి సుమారు 25 రెట్లు వేగంగా వేడిని పంచుతాయి. పలుచని స్టీలు గిన్నె మంట తగిలినచోట మాడి, పక్కన పచ్చిగా ఉండిపోవడానికి కారణం ఇదే. అందుకే మంచి తయారీదారులు రెండు స్టీలు పొరల మధ్య అల్యూమినియం పొరను ఇరికించి నొక్కుతారు. దీన్నే ట్రైప్లై అంటారు. ఆ మధ్య పొర అడుగుకే పరిమితమైందా, అంచుల దాకా సాగిందా అన్నది అడిగి తెలుసుకోండి. నీళ్లు మరిగించే, ఉడికించే గిన్నెకు అడుగున మందపాటి బిళ్ల ఉంటే చాలు, అంచుల దాకా ఉండాలని డబ్బు పోయనవసరం లేదు. కలుపుతూ, వేయిస్తూ, పదార్థాన్ని గోడల మీదికి తోస్తూ వండే పాత్రకు మాత్రం పొర అంచుల దాకా ఉండటం మేలు, లేకపోతే బిళ్ల ముగిసే చోట వలయంలా మాడుతుంది.

పెట్టె మీద కనిపించే 18/8, 18/10 అన్న అంకెలను చూసి మురిసిపోకండి. మొదటి అంకె క్రోమియం శాతాన్ని, రెండోది నికెల్ శాతాన్ని తెలుపుతాయి. అవి తుప్పు పట్టకపోవడం గురించి చెబుతాయే గాని, అడుగు మందం గురించి గాని, వేడి సమంగా పాకడం గురించి గాని ఏమీ చెప్పవు. అంతకంటే పాత్రను చేతిలోకి తీసుకోవడం ఎక్కువ విషయాలు చెబుతుంది. కాడ పట్టుకుని నీళ్లు వంచుతున్నట్టు వంచి చూడండి. మణికట్టు మెలితిరుగుతున్నదా, కాడ అరచేతిలో కోసుకుంటున్నదా, రెండో పక్కన పట్టుకోవడానికి చెవి ఉన్నదా? ఈ చివరిది మీ వదిన గారి విషయంలో చాలా ముఖ్యం, రెండు చేతులతో ఎత్తితే బరువు సగమవుతుంది. కాడను రివెట్లతో, అంటే లోహాన్ని గుచ్చి రెండు వైపులా నొక్కేసే మేకులతో, బిగించారా, స్క్రూతోనా, అతికించారా అని కూడా చూడండి. రివెట్లు దృఢమైనవే కాని లోపలి వైపు వాటి తలల చుట్టూ జిడ్డు పేరుకుంటుంది. స్క్రూ వదులవుతుంది కాని ఇంట్లోనే బిగించుకోవచ్చు. అంచు కాస్త బయటికి వంగి ఉంటే వంచేటప్పుడు గోడ వెంట కారదు. మూత బోర్లించినట్టు కుదురుగా కూర్చోవాలి. కొనే ముందు ఆవిడ పొయ్యి మీది వలయం వ్యాసాన్ని కొలిచి పెట్టుకోండి. పెనం అడుగు దానికంటే మరీ పెద్దదైతే, ఎంత ఖరీదైన పెనమైనా అంచుల్లో చల్లగానే ఉంటుంది.

ఆవిడ వాడుతున్న నాన్‌స్టిక్ పెనాన్ని మీరు కొంచెం చిన్నచూపుతో ప్రస్తావించారు. దాన్ని అలా తీసిపారేయకండి. అది తేలిక, అంటుకోదు, తోమడానికి బలం అక్కరలేదు. నొప్పి ఉన్న చేతికి అంతకంటే ఏం కావాలి? ఆవిడ దాన్ని వదలకపోవడానికి మొండితనం కాక, ఇదే కారణం అయి ఉండవచ్చు. ఆ పూతను పీటీఎఫ్‌ఈ అంటారు, 1938లో కనుగొన్న పదార్థం. సుమారు 260 డిగ్రీల సెల్సియస్ దాటితే అది చెడిపోవడం మొదలై, ఇంకా వేడెక్కితే హానికరమైన పొగలు విడుస్తుంది. ఇండక్షన్ మీద ఖాళీ పెనం కొన్ని నిమిషాల్లోనే అంత వేడెక్కగలదు కాబట్టి, ఖాళీగా కాల్చకూడదు. పైగా ఈ పూత ఎంత మంచిదైనా కొన్నేళ్లకు అరిగిపోతుంది; గీతలు పడి లేచిపోతున్న పెనాన్ని మార్చవలసిందే. కాబట్టి యాభయ్యో పుట్టినరోజుకు జ్ఞాపకంగా మిగలాల్సిన వస్తువుగా నాన్‌స్టిక్‌ను ఎంచుకోమని చెప్పను. కాని ప్రధాన కానుకతో పాటు, మంచి అడుగున్న కొత్త నాన్‌స్టిక్ పెనం ఒకటి, చెక్క గరిటె ఒకటి మాటల్లేకుండా అక్కడ పెట్టి వస్తే, రేపటి నుంచే ఆవిడకు ఉపయోగపడుతుంది.

కత్తి విషయంలో మీ ఆలోచన సరైనదే, అయితే ఏ కత్తి అన్నదే ప్రశ్న. మొద్దుబారిన కత్తికి బలం ఎక్కువ కావాలి, బలం ఎక్కువ పెడితే నొప్పి పెరుగుతుంది, కత్తి జారి చేయి తెగే ప్రమాదమూ పెరుగుతుంది. ఆవిడ తరిగిన కూరగాయలు తెప్పించుకోవడం వెనుక ఓపికతో పాటు కత్తి కూడా ఉండవచ్చు. ఉక్కు గట్టిదనాన్ని రాక్‌వెల్ అంకెతో చెబుతారు, అంకె పెరిగేకొద్దీ ఉక్కు గట్టిదన్నమాట. జర్మన్ తరహా కత్తులు సాధారణంగా 55 నుంచి 58 మధ్య ఉంటాయి. వీటి అలుగు కాస్త మందం, బరువెక్కువ, కాని మొరటు వాడకాన్ని ఓర్చుకుంటాయి. జపాన్ తరహా కత్తులు 60, అంతకు పైన ఉంటాయి. సన్నగా, తేలికగా, ఎక్కువ కాలం పదునుగా ఉంటాయి, కాని గట్టి గింజ మీదో ఎముక మీదో పడితే అంచు పెచ్చు లేస్తుంది. సాధారణంగా అందరికీ చెప్పే 20 సెంటీమీటర్ల కత్తి కంటే, మీ వదిన గారికి 15 నుంచి 17 సెంటీమీటర్ల తేలికపాటి కత్తి నప్పుతుందని నా అభిప్రాయం. కాని కత్తి ఒక్కటే ఇస్తే సగం కానుకే ఇచ్చినట్టు. గాజు పలక మీదో రాతి గట్టు మీదో తరిగితే ఎంతటి పదునైనా కొద్ది రోజుల్లో పోతుంది కాబట్టి, చెక్కపీటో ప్లాస్టిక్ పీటో కూడా ఉండాలి. సాన పట్టే బాధ్యత ఎవరిదన్నది కూడా ముందే తేల్చుకోండి. ‘మూడు నెలలకోసారి నేను వచ్చి సాన పట్టించి ఇస్తాను వదినా’ అని మీరు మాట ఇవ్వగలిగితే, ఆ మాట కత్తి కంటే ఎక్కువ కాలం పదునుగా ఉంటుంది.

మీ అక్క గారి 14 వస్తువుల సెట్టు గురించి నా మనసులో ఉన్నది దాచను: నేనైతే కొనను. ఆ లెక్కలో మూతలు కూడా విడివిడి వస్తువులే, కాబట్టి 14 అన్నది తెరిచి చూస్తే ఏడెనిమిది పాత్రలే అవుతుంది. అందులో రోజూ చేతికి వచ్చేవి మూడో నాలుగో. అదే డబ్బును 14 ముక్కలుగా పంచితే ఒక్కో పాత్ర అడుగు పలచబడటం సహజం. పైగా మూడు సైజుల గిన్నెలు ఒకదానిలో ఒకటి పేర్చి పెడితే, అడుగుది కావాలంటే పైవన్నీ ఎత్తాలి. అయితే మీ అక్క గారి వాదనలో ఒక న్యాయం ఉంది, దాన్ని తోసిపుచ్చకండి. పొయ్యి మారాక సగం గిన్నెలు మూలపడిన ఇంట్లో నిజంగానే ఒకటి కంటే ఎక్కువ పాత్రలు కావాలి. ముగ్గురి పేరున ఇచ్చే కానుక నిండుగా కనబడాలని ఆవిడ కోరుకోవడం కూడా అర్థం చేసుకోదగినదే. కాబట్టి ఆవిడతో ‘సెట్టు వద్దు’ అని మొదలుపెట్టకుండా, ‘వదిన రోజూ వాడే మూడు గిన్నెలు ఏవో చూసి, సరిగ్గా ఆ మూడు సైజుల్లో ఒకే తీరువి మంచివి కొందాం’ అని చెప్పి చూడండి. ఆవిడ కోరిన నిండుదనం, మీరు కోరిన నాణ్యత రెండూ అందులో ఇముడుతాయి. మీరు కోరిన కత్తికి మిగిలే డబ్బు మాత్రం తగ్గుతుంది, దానికి సిద్ధపడాలి.

తమ్ముడు చెప్పినట్టు డబ్బు ఇస్తే ఆవిడ దాన్ని తన కోసం ఖర్చు పెట్టుకుంటారా? నలుగురికి పెట్టి తాను తినే అలవాటున్నవారు చేతికి వచ్చిన డబ్బును ఇంట్లో మరెవరి అవసరానికో మళ్లించడమే నేను ఎక్కువగా చూశాను. అలాగని ఆ సూచన పనికిరాదని కాదు. డబ్బును మీ దగ్గరే ఉంచుకుని, ఆవిడను వెంటబెట్టుకుని అంగడికి వెళ్లి, ఆవిడ చేతితోనే ఎత్తి చూసి, వంచి చూసి ఎంచుకోనిస్తే తప్పు జరిగే అవకాశం అన్నిటికంటే తక్కువ. కాని అందులో ఆశ్చర్యం ఉండదు. పైగా ధర చీటీ చూడగానే ఆవిడ అన్నిటికంటే చవకైనదాన్ని పట్టుకునే ప్రమాదమూ ఉంది. చీటీలు ముందే తీయించడం కుదురుతుందేమో అంగడి వారిని అడిగి చూడండి.

మీ ముగ్గురిలో ఎవరూ అనని మార్గం ఇంకొకటి నాకు తోస్తున్నది. ఆ వదులైన కాడను బిగించి ఇవ్వడం, ఇంట్లో ఉన్న కత్తులన్నిటికీ సాన పట్టించడం, అటక మీద మూలపడినవాటిలో ఇండక్షన్‌కు పనికివచ్చేవి ఏవో అయస్కాంతంతో ఏరి, చేతికందే అరలో సర్దడం. దీనికి డబ్బు ఖర్చు తక్కువ, ఒక పూట శ్రమ మాత్రం అవుతుంది. ఇరవై ఏళ్లుగా చేతికి అలవాటైన గిన్నెను పారేసి కొత్తది ఇవ్వడం అందరికీ సంతోషాన్నివ్వదు. ఆ గిన్నెలో ఎంత నీళ్లు పోస్తే ఎక్కడికి వస్తాయో ఆవిడకు కంటికొలతగా తెలుసు. ఈ పని చేస్తూ ఉంటే, ఆవిడకు నిజంగా ఏది లేదో కూడా మీకే తెలుస్తుంది.

ఏ మార్గం ఎంచుకున్నా, కొనే ముందు ఒక రోజు ఆవిడతో కలిసి వంట చేయండి. ‘ఏం కావాలి వదినా’ అని అడిగితే ‘నాకేం తక్కువ’ అనే జవాబే వస్తుంది. దానికి బదులు మీరే తరుగుతూ, ఆవిడ ఏ గిన్నెను రెండు చేతులతో ఎత్తుతున్నారో, ఏదాన్ని తోమేటప్పుడు ముఖం చిట్లిస్తున్నారో, ఏ అరకు చేయి చాపి మళ్లీ వెనక్కి తీసుకుంటున్నారో గమనించండి. ‘అన్నిటికంటే తోమడానికి విసుగు పుట్టించేది ఏది?’ అని అడిగితే మాత్రం నిజం చెబుతారు. మీరు కొనే వస్తువు బిల్లును జాగ్రత్తగా దాచండి. మార్చుకునే గడువు పుట్టినరోజు తరువాత కనీసం రెండు వారాలైనా ఉండేలా చూసుకోండి. వాడి చూసి నచ్చకపోతే మార్చుకోవచ్చని కానుకతో పాటే చెప్పండి.

ఇక అటక మీది గిన్నె. దాని సంగతి ఎత్తకుండా వదిలేస్తే, ఆవిడ మీ ఎదుట ఆ అటక వైపు చూడటానికి కూడా ఇబ్బంది పడుతూనే ఉంటారు, కొత్త కానుక విప్పేటప్పుడు కూడా ఆ ఇబ్బంది వెంటే ఉంటుంది. అడిగితే, అడిగే తీరును బట్టి మేలూ జరగవచ్చు, నొప్పీ కలగవచ్చు. ‘ఎందుకు వాడలేదు?’ అన్నది నేరం మోపే ప్రశ్న. ‘వదినా, ఆ గిన్నె మరీ బరువైనది కొన్నానేమో అనిపిస్తోంది, నేను తీసుకువెళ్లి మా ఇంట్లో వాడుకుంటాను, మీరు వచ్చినప్పుడల్లా అందులో వండి పెడతాను’ అనవచ్చు. లేదా అది పొయ్యి మీద నుంచి కదపనక్కరలేకుండా ఉండే చోటు చూసి, పండగ వంటలప్పుడు అన్నయ్య దించి పెట్టేలా ఒప్పందం చేసుకోవచ్చు. ఆవిడ ‘ఉండనీ, అది నాకు నువ్విచ్చింది’ అని అటక మీదనే ఉంచుకుంటానంటే, వాడకపోయినా ఉంచుకునే హక్కు ఆవిడకు ఉంది, అప్పుడు ఇంకేమీ అనకండి. ఏది ఏమైనా ఆ మాట పుట్టినరోజు నాడు, నలుగురి మధ్య వద్దు. దానికి ముందే, మీరు కలిసి వండే ఆ రోజున, వంటగదిలో మీరిద్దరే ఉన్నప్పుడు మీరే ముందుగా ఎత్తండి.